సప్తర్షుల చెంత రెండు ఎఱ్ఱచుక్కలు

వివాహసమయమున పురోహితుడు వధూవరులను ఆరుబయటికి పిలిచి అరుంధతీ నక్షత్రమును చూపుట తెలుగువారి యిండ్లలో అందఱెఱిగిన ఆచారము. పట్టపగటి ముహూర్తములలో చుక్క కనబడకపోయినను ఆచారము మాత్రము మానరు. అరుంధతి మిక్కిలి సన్నని చుక్క. ఒక్కమారుగా చూపినచో కంటికి దొరకదు. కావున ముందు సప్తర్షి మండలమును, అందు వసిష్ఠుని చూపి, ‘అదిగో అరుంధతి’ యందురు. చూపు అచట కుదురుకొన్న పిమ్మట, ‘అది కాదు, దానిని అంటియున్న చిన్నచుక్క’ యని సవరింతురు. దీనికే శాస్త్రకారులు స్థూలారుంధతీ న్యాయమని పేరిడిరి. మొదట చూపినది అరుంధతి కాకపోయినను అరుంధతికి దారి యగును. ఐతే రెండవమాట వినకుండ లోపలికి పోయినవాడు జీవితాంతము వసిష్ఠునే అరుంధతి యనుకొనుచుండును.

విశ్వము పుట్టిన తొలినాటి గెలాక్సీలను వెదకుచున్న ఖగోళశాస్త్రజ్ఞులకు ఈ న్యాయము నిత్యానుభవము. దూరదర్శని తీసిన చిత్రములో వారు మొదట చూపునది ‘కావచ్చును’ అనదగిన చుక్క మాత్రమే. అది ఔనో కాదో తేల్చునది వేఱొక పరీక్ష. ఈ రెంటికిని నడుమ ఒక్కొకప్పుడు కొన్ని నెలలు, ఒక్కొకప్పుడు పదేండ్లు గడచును. 2022, 2023 సంవత్సరములలో, సప్తర్షి మండలపు దిక్కుననే, రెండు చుక్కలనుగూర్చి నడచిన విచారణ ఇందుకు చక్కని ఉదాహరణము. దానిని గ్రహించుటకు ముందు అట్టి చుక్కలను పోల్చుకొను విధానము కొంత తెలియవలెను.

గెలాక్సీ యనగా కోట్లకొలది నక్షత్రముల కూటమి. వేసవి రాత్రులందు ఆకాశమున అడ్డముగా తెల్లని చారవలె కనబడు పాలపుంత మన గెలాక్సీయే. సూర్యుడు అందలి ఒక సామాన్య నక్షత్రము. వెలుగు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అంతటి వేగము గలదైనను సూర్యుని వెలుగు మనలను చేరుటకు 8 నిమిషములకు పైగా పట్టును. ఆండ్రోమెడా గెలాక్సీ వెలుగు వచ్చుటకు సుమారు 25 లక్షల సంవత్సరములు పట్టును. కావున నేడు మనము చూచు ఆండ్రోమెడా 25 లక్షల యేండ్ల క్రిందటిది. ఎంత దూరము చూచినచో అంత వెనుకటి కాలమును చూచుట యన్నమాట. విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములని నేటి నిర్ణయము. అందు మొదటి 30, 40 కోట్ల సంవత్సరములలో వెలసిన గెలాక్సీల కాంతి, అప్పుడు బయలుదేరినది, ఇప్పుడు వచ్చి దూరదర్శని అద్దముమీద పడుచున్నది. చరిత్రకారునకు పూర్వరాజుల శాసనము దొరకును గాని పూర్వరాజు దొరకడు. ఖగోళశాస్త్రజ్ఞునకు పూర్వకాలమే కంటికి కనబడును. ఇంతటి భాగ్యము మఱియే శాస్త్రమునకును లేదనవచ్చును.

ఐతే చిక్కేమనగా, చిత్రమున చుక్క కనబడును గాని దాని దూరము కనబడదు. దగ్గఱనున్న గ్రుడ్డిదీపమును, దూరమునున్న పెద్దదీపమును చీకటిలో ఒక్కతీరుగనే తోచును. ఒక్కొక్క లోతైన చిత్రములో వేలకొలది గెలాక్సీలు పడును. అందు తొలినాటివి పదియో పండ్రెండో యుండవచ్చును. ఆ పదింటిని ఏఱుట యెట్లు?

ఇచట ప్రకృతి రెండు విధముల తోడ్పడినది. మొదటిది కాంతి సాగుట. విశ్వము వ్యాకోచించుచున్నది. బహుకాలము ప్రయాణము చేసిన కాంతితరంగము, తాను నడచివచ్చిన ఆకాశముతోపాటు తానును సాగి, పొడవగును. పొడవైన కొలది నీలకాంతి ఎఱుపునకు, ఎఱుపు కంటికి కనబడని పరారుణమునకు జరుగును. దీనినే అరుణ విస్థాపనమందురు. ఒక గెలాక్సీ అరుణ విస్థాపనము 3 అనినచో, దాని తరంగములు ఒకటికి మూడు కలిపి, 4 రెట్లు సాగినవని అర్థము. 11 అనినచో 12 రెట్లు. ఈ సంఖ్య తెలిసినచో గెలాక్సీ యే కాలమునాటిదో లెక్క కట్టవచ్చును.

రెండవది ఉదజని అడ్డుతెర. హైడ్రోజను అని విద్యార్థులు పాఠములలో చదువుకొను ఉదజని వాయువే విశ్వమున అన్నిటికన్న అధికము. తొలినాళ్లలో గెలాక్సీల నడుమ ఆకాశమంతయు ఈ వాయువుతో నిండియుండెను. 121.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమునకు లోబడిన అతినీలలోహిత కాంతిని అది ఇంచుమించు పూర్తిగా మ్రింగివేయును. అనగా గెలాక్సీ వర్ణపటము ఒకచోట కత్తితో కోసినట్లు తెగును. అంతకు పొట్టితరంగములందు చీకటి, అంతకు పొడవుతరంగములందు వెలుగు. ఆ తెగినచోటు కూడ వ్యాకోచమువలన జరుగును. అరుణ విస్థాపనము 11.4 గల గెలాక్సీలో అది 121.6 ను 12.4 చే గుణింపగా వచ్చు సుమారు 1508 నానోమీటర్లకడ నుండును. తరగతిలో పిల్లలచేత చేయింపదగిన లెక్క ఇది. విశ్వపు లోతును కొలుచు కొలబద్ద ఇంత చిన్న గుణకారములో నున్నది.

ఇక పద్ధతి సులభముగనే తోచును. ఆకాశమునందలి ఒకేచోటును వేఱువేఱు రంగుల ఫిల్టర్ల ద్వారా వేఱువేఱుగా చిత్రింతురు. పిదప ప్రతి చుక్కకును ఒక హాజరుపట్టీ తయారగును. నీలి ఫిల్టరులో కలదా? లేదు. పచ్చదానిలో? లేదు. ఎఱుపులో? లేదు. పరారుణములో? కలదు. తరువాతిదానిలోను కలదు. ఇట్లు కొన్ని గడులలో గైర్హాజరై, అటుపిమ్మట వరుసగా హాజరైన చుక్క అనుమానింపదగినది. ఎన్నవ గడినుండి హాజరు ప్రారంభమైనదో దానినిబట్టి దూరము అంచనా కట్టవచ్చును. ఇట్టి చుక్కలకు ఇంగ్లీషువారు ‘డ్రాపౌట్’ అని పేరిడిరి. బడి మానిన పిల్లవానికిని ఆ భాషలో అదే మాట. బడి మానినవాడు మధ్యలో పోవును; ఈ చుక్క మధ్యలో వచ్చును. పేరు అంతగా అతికినది కాదు గాని రూఢమైపోయినది.

ఈ మార్గమును 1990 దశకమున సాధించి చూపినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ స్టైడెల్. అతినీలలోహిత ఫిల్టరులో మాయమై తక్కినవానిలో కనబడు చుక్కలను ఆయనయు ఆయన సహచరులును ఏఱి యుంచిరి. వారు అంతటితో తృప్తిపడలేదు. హవాయి ద్వీపమున మౌనాకియా శిఖరముమీద నెలకొల్పిన 10 మీటర్ల కెక్ దూరదర్శనితో ఆ చుక్కల వర్ణపటములను తీసి, అవి అరుణ విస్థాపనము 3 గల గెలాక్సీలేయని 1996 లో నిరూపించిరి. ఏఱుట యొకటి, నిరూపించుట యొకటి యను క్రమము ఆనాడే ఏర్పడినది.

అదే కాలమున హబుల్ దూరదర్శనిని నడపు సంస్థకు అధ్యక్షుడు రాబర్ట్ విలియమ్స్. అధ్యక్షుడు తన ఇష్టానుసారము వినియోగించుకొనుటకు కొంత దూరదర్శని కాలము ఆయన చేతిలో నుండును. దానిని ఆయన ఏమియు లేని ఒక చోటును చూచుటకు వెచ్చింపదలచెను. అనుభవజ్ఞులు కొందఱు వలదనిరి. కాలమంతయు వ్యర్థమగుననియు, ప్రజల యెదుట నవ్వులపాలగుదుమనియు వారి భయము. విలియమ్స్ వెనుదీయలేదు. 1995 డిసెంబరు 18 మొదలు 28 వఱకు పదిదినములు హబుల్ ఒకేచోటును నాలుగు రంగులలో చూచెను. 342 చిత్రములను కూర్చగా, చంద్రబింబపు వెడల్పులో పండ్రెండవవంతు మాత్రమేయైన ఆ తావున సుమారు 3000 గెలాక్సీలు బయటపడినవి. ఆ తావు సప్తర్షి మండలముననే, అత్రి నక్షత్రమునకు ఉత్తరమున కొద్దిదూరమున నున్నది. సప్తర్షులనే యేల యెన్నుకొనిరన్నచో, ఆ దిక్కు పాలపుంత చారకు దూరముగా నుండుటచేత మన గెలాక్సీ యందలి ధూళియు నక్షత్రములును అంతగా అడ్డురావు, కిటికీ తెఱచినట్లుండును.

పద్ధతి సులభమనుట జరిగినది. నిజమునకు దానిలో వంచకులనేకులు. ధూళి దట్టముగా కమ్మిన గెలాక్సీ దగ్గఱనున్నను ఎఱ్ఱగా కనబడును. ధూళి నీలకాంతిని అడ్డగించి ఎఱుపును విడిచిపెట్టుట సాయంకాలపు సూర్యునియందు అందఱును చూచునదే. వయసు మళ్లిన నక్షత్రములు గల గెలాక్సీ వర్ణపటములో మఱియొక తెగుదల, సుమారు 365 నానోమీటర్లకడ, సహజముగనే యుండును. దూరపుదాని 121.6 తెగుదలకును, దగ్గఱదాని 365 తెగుదలకును చిత్రమును మాత్రమే చూచి భేదము చెప్పుట కష్టము. ఇవిగాక మన పాలపుంతలోనే గోధుమ మరుగుజ్జులనబడు చల్లని చిన్న జ్యోతులు కలవు, అవియు ఎఱ్ఱచుక్కలే. కెమెరా దోషములు వేఱు. ఆకాశమునుండి దూసుకొనివచ్చు కణము తాకినచోట పిక్సెళ్లు వెలుగును; కాంతివంతమైన నక్షత్రపు చెదరుకాంతి లేని చుక్కను కల్పించును. అందుకే దూరదర్శనిని కొంచెము కొంచెముగా జరుపుచు అదేచోటును పలుమార్లు చిత్రింతురు. చుక్క నిజమైనదైనచో ఆకాశముతో జరుగును. దోషమైనచో కెమెరానంటి యుండును.

ఈ చిక్కులకు మంచి నిదర్శనము 2011 లో ప్రకటితమైన ఒక చుక్క. హబుల్ తీసిన అత్యంత గంభీరమైన చిత్రములో రిచర్డ్ బోవెన్స్, గార్త్ ఇల్లింగ్‌వర్త్ మున్నగువారు దానిని గుర్తించిరి. అది ఒకే ఒక ఫిల్టరులో, అన్నిటికన్న చివరిదానిలో మాత్రమే, కనబడినది. హాజరుపట్టీలో ఆఖరి గడియందొక్క గుర్తు! 2012 లో క్రొత్త చిత్రములు వచ్చినపిమ్మట సందేహము తగ్గుటకు మాఱు పెరిగినది. అది విశ్వపు తొలిగెలాక్సీలలో నొకటియైనను కావలెను, లేదా బహుదగ్గఱి సామాన్య గెలాక్సీయైనను కావలెనని రెండు పక్షములు నిలిచినవి. హబుల్ అద్దమునకు అంతకుమించి శక్తి లేదు. ఆ చుక్క పదేండ్లకు పైగా ప్రశ్నగనే యుండిపోయినది.

2021 డిసెంబరు 25 న ఫ్రెంచి గయానాలోని కూరూనుండి జేమ్స్ వెబ్ దూరదర్శని బయలుదేరినది. దాని అద్దము 6.5 మీటర్ల వెడల్పు. బంగారుపూత పూసిన 18 పలకల కూర్పు. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున, ఎండ తగులకుండ తెర చాటున, గడ్డకట్టు చలిలో అది పనిచేయుచున్నది. ఏలయన వెచ్చని వస్తువు తానే పరారుణమును వెదజల్లును. దీపము చేతబట్టుకొని మిణుగురులను వెదకినట్లగును. మునుపు చెప్పిన ఒంటిగుర్తు చుక్కను వెబ్ పరీక్షించి, దాని అరుణ విస్థాపనము 11 కు పైబడినదని 2023 లో తేల్చినది. పదేండ్ల అనుమానము నిజమైనది. ఐతే ప్రతి అనుమానమునకును అట్టి అదృష్టము పట్టదు.

2022 జూలైలో వెబ్ తొలి చిత్రములు లోకమునకు విడుదలయైనవి. ఆ చిత్రములు ఏ యొక్కరి సొత్తును కావు. ఎవరైనను తీసికొని పరీక్షింపవచ్చును. ఇక ప్రపంచమంతట పరుగుపందెము మొదలైనది. పండ్రెండుదినములు తిరుగకుండనే అరుణ విస్థాపనము 12, 13, 16 అనుచు వ్యాసములు వెలువడినవి. క్రొత్త కెమెరా సున్నితత్వము ఇంకను సరిగా నిర్ణయింపబడనేలేదు. ఆ నిర్ణయము సవరింపబడిన కొలది అంచనాలును మాఱినవి. ఇంత తొందర యేల యని పెద్దలు కొందఱు నొసలు ముడిచిరి. కాని కాలమంతయు తలుపువెనుక దాచియుంచి, అంతయు తేలినపిమ్మటనే చెప్పుటకన్న, ‘ఇది అనుమానము మాత్రమే’ యని పేరుపెట్టి నలుగురియెదుట నుంచుటయే మేలనిపించును. పదిమంది పరీక్షించిన నాణెమే చెల్లును.

ఆ తొలి చిత్రములలో నొకటి మరీచికి ఆవల, సప్తర్షి మండలపు తోకచివర దిక్కున తీసినది. సీర్స్ అను పేరుగల ఆ పరిశీలనలో రెండు చుక్కలు ప్రసిద్ధికెక్కినవి. ఒకదానిని టెక్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీవెన్ ఫింకెల్‌స్టీన్ బృందము గుర్తించి, అరుణ విస్థాపనము ఇంచుమించు 12 అని అంచనా కట్టినది. కనుగొన్నవారి ఇంటిబిడ్డ పేరిట దానిని ‘మేజీ గెలాక్సీ’ యని పిలిచిరి. రెండవదానికి పట్టికలోని 93316 అను సంఖ్య తప్ప పేరు లేదు. ఎడింబరోకు చెందిన కాలమ్ డోనన్, జేమ్స్ డన్‌లప్ మున్నగువారు దాని అరుణ విస్థాపనమును 16.4 గా లెక్కించిరి. అనగా విశ్వమునకు సుమారు 24 కోట్ల సంవత్సరముల వయస్సున్ననాటి గెలాక్సీ!

ఈ సంఖ్య చిన్నవిషయము కాదు. 93316 కాంతి మిక్కిలి హెచ్చు. అంతటి కాంతిగల గెలాక్సీ అంత త్వరగా ఏర్పడుటకు నాటి సిద్ధాంతములలో తావు కనబడదు. వాయువు గుమిగూడి, చల్లబడి, నక్షత్రములుగా మాఱుటకు కాలము పట్టును. మూడేండ్ల పిల్లవాడు ఆరడుగుల పొడవున్నాడన్నచో, కొలిచిన కొలబద్దలోనైనను తప్పుండవలెను, వాని వయస్సు చెప్పినవాడైనను పొరబడవలెను, లేదా పిల్లలు పెరుగు తీరును గూర్చి మనము నేర్చినదంతయు మాఱవలెను. మూడవదానిని నమ్ముటకు ఉబలాటపడినవారు చాలమంది.

అప్పుడే హెచ్చరికలును వచ్చినవి. ఫ్రాన్సులోని నోయెమా రేడియో దూరదర్శనిని ఉపయోగించి హోర్హే సవాలా బృందము, ధూళి కప్పిన గెలాక్సీలు అతిదూరపు గెలాక్సీలవలె వేషము వేయగలవని చూపినది. రోహన్ నాయుడు మఱికొందఱును అదే 93316 ను పరిశీలించి, అది 17 ప్రాంతముదైనను కావచ్చును, 5 ప్రాంతముదైనను కావచ్చునని రెండు పక్షములను ఎదురెదురుగా నిలిపిరి. పెట్టెలో బ్రతికియు చచ్చియు నున్నట్లు చెప్పబడు ష్రోడింగర్ పిల్లి పేరును తమ వ్యాసమునకు తగిలించిరి. 5 అనుటకు బలమైన యూహ ఒకటి కలదు. ఆకాశమున ఆ చుక్క చుట్టుప్రక్కలనున్న గెలాక్సీలు కొన్ని ఆ దూరమునకే చెందినవి. అది వాని గుంపులోనిదే యేల కాకూడదు? సంస్కృతమున మరీచి యనగా కిరణము. ఎండమావిని మరీచిక యందురు. చుక్క కనబడిన చోటును తలచుకొన్నచో ఈ మాట భాషాప్రియులకు తోపకపోదు.

తేల్చునది వర్ణపటము. ఫిల్టరు చిత్రము హాజరుపట్టీయైనచో వర్ణపటము మనిషిని నిలువబెట్టి పేరడుగుట. వెబ్‌లో ఇందుకొక యంత్రమున్నది. దానిలో సుమారు రెండున్నర లక్షల సూక్ష్మమైన కిటికీలు కలవు. ఒక్కొక్కటి వెండ్రుకంత వెడల్పు. కావలసిన గెలాక్సీలకెదురుగా నున్నవానిని మాత్రమే తెఱచి, తక్కినవానిని మూసి, ఒకేసారి అనేక గెలాక్సీల కాంతిని పట్టకముగుండ విడదీయుదురు. 2023 మార్చిలో పాబ్లో అరాబాల్ ఆరో నాయకత్వమున ఆ రెండు చుక్కల కాంతియు ఇట్లు విడదీయబడినది. ఒకే యంత్రము, ఒకే పరీక్ష.

మేజీ గెలాక్సీ నెగ్గినది. తెగినచోటు స్పష్టముగా కనబడినది. అరుణ విస్థాపనము 11.4. విశ్వమునకు సుమారు 39 కోట్ల యేండ్లున్నప్పటి వెలుగు అది. అంచనాకన్న కొంచెము తక్కువయైనను దారి సరియైనదే.

93316 వర్ణపటములో తెగినచోటు లేదు. దానికి బదులు ఉదజని, ఆమ్లజని వాయువుల ప్రకాశరేఖలు నిట్టనిలువుగా లేచినవి. వానినిబట్టి అరుణ విస్థాపనము 4.9. విశ్వమునకు 24 కోట్ల యేండ్లు కాదు, సుమారు 120 కోట్ల యేండ్లున్ననాటి ధూళిగెలాక్సీ అది. చుట్టుప్రక్కల గుంపులోనిదే!

అంత నిపుణులు మోసపోయిన విధము చెప్పుకొనదగినది. ఉదజని వెలువరించు ఎఱ్ఱని రేఖ 656.3 నానోమీటర్లది. 5.9 రెట్లు సాగినచో సుమారు 3870. వెబ్ కెమెరాలో సరిగా ఆ తావుననే మూడు ఫిల్టర్ల అంచులు ఒండొంటిపై పడును. ఆ ఒక్క రేఖ మూడు ఫిల్టర్లలోను వెలుగును నింపినది. ఆమ్లజని రేఖ 500.7 నానోమీటర్లది, అదియు అన్నిరెట్లే సాగి, సుమారు 2950 కడ, నాలుగవ ఫిల్టరులో పడినది. కళాశాలలలో ఒకరి హాజరు మఱియొకరు పలుకుట కద్దు. ఇచటను రెండు రేఖలు నాలుగు గడులలో హాజరు పలికినవి. చూచినవారికి నాలుగు గడులలోను సమముగా వెలుగు, అంతకు ముందు గడులలో ధూళివలన చీకటి. అచ్చముగా 16 నాటి గెలాక్సీ యెట్లుండవలెనో అట్లే. అరుణ విస్థాపనము 4.9 గాక 4.7 యో, 5.1 యో యైనచో ఈ మాయ ఇంత చక్కగా కుదిరెడిది కాదు. గణితము తప్పలేదు, కొలతయు తప్పలేదు. ప్రకృతియే యాదృచ్ఛికముగా వేషము కట్టినది.

ఈ ఫలితమును అదే సంవత్సరము నేచర్ పత్రికలో ప్రకటించిరి. వ్యాసకర్తల పట్టికను చూచినచో ఒక విశేషము కనబడును. 16.4 అని ప్రకటించిన డోనన్, డన్‌లప్‌లు అందు కలరు. 12 అని చెప్పి నెగ్గిన ఫింకెల్‌స్టీనును కలడు. తన మాట చెల్లదని తేల్చు పత్రముమీద తానే చేవ్రాలు చేయుట మన పండితసభలలో అంతగా చూడని దృశ్యము. ఒక పద్యపాదమునకు పాఠాంతరము చూపినందుకు జీవితాంతము మాటలు మానుకొన్నవారిని సాహిత్యలోకమెఱుగును. 16.4 అని పొరబడినందున ఎడింబరోవారి గౌరవము తగ్గలేదు. వారు చూపిన చుక్కను చూచియే కదా పరీక్షించినది.

అటుతరువాత వెబ్ తీర్పులు వరుసగా వచ్చుచున్నవి. సప్తర్షి దిక్కుననే హబుల్ 2016 లో కనుగొని 11.1 అని కొలిచిన జీఎన్-జెడ్11 అను గెలాక్సీని వెబ్ మరల కొలిచి 10.6 అని సవరించినది. 2024 లో స్టెఫానో కార్నియానీ మున్నగువారు ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 చరిత్ర మఱియు విచిత్రము. దానిప్రక్కనే దగ్గఱి గెలాక్సీ యొకటి కనబడుటవలనను, కాంతి మితిమీరి యుండుటవలనను, దానిని గుర్తించినవారే మొదట నమ్మలేదు. వర్ణపటము దానిని నిజమనినది. 2025 లో చిలీ దేశపు ఎడారియందలి అల్మా రేడియో దూరదర్శని అందు ఆమ్లజని జాడను పట్టి, అరుణ విస్థాపనము 14.18 అని ఇంకను నిక్కముగా చెప్పినది. విశ్వమునకు 30 కోట్ల యేండ్లైనను నిండకముందే ఆమ్లజని! ఆమ్లజని నక్షత్రగర్భమున పుట్టవలసినది. అనగా అప్పటికే ఒక తరము నక్షత్రములు పుట్టి, బ్రతికి, గతించినవి. అదే సంవత్సరము నాయుడు బృందము మామ్-జెడ్14 అను గెలాక్సీకి 14.44 అని వర్ణపటము చూపినది. అది సుమారు 28 కోట్ల యేండ్లనాటిది.

కావున 93316 ఓడిపోయినంత మాత్రమున సిద్ధాంతములకు నెమ్మది చిక్కలేదు. తొలినాళ్లలో కాంతివంతమైన గెలాక్సీలు అనుకొన్నవానికన్న హెచ్చుగా నున్నవనుట నిలిచియే యున్నది. అప్పటి నక్షత్రములు వడివడిగా పుట్టెనా, ధూళి తక్కువయై కాంతి యడ్డులేక వెలువడెనా, నడుమనున్న కృష్ణబిలముల చుట్టును కాలు వాయువు వెలుగును హెచ్చించెనా యను చర్చ నడచుచున్నది.

సప్తర్షుల తోకచివరి ఆ చిత్రములోనే 2025 లో ఇటలీవారు ప్రధానముగా గల బృందము ఇంకొక చుక్కను చూపినది. దాని పేరు కాపోటౌరో. 4 మైక్రానులకు లోబడిన ఫిల్టర్లలో అది కనబడదు. చివరివానిలో మాత్రమే కనబడును. గెలాక్సీయేయైనచో అరుణ విస్థాపనము 32 ప్రాంతమున నుండవలెను. విశ్వమునకు పదికోట్ల యేండ్లైనను నిండనినాటిదన్నమాట. కాకున్నచో అది మన పాలపుంతలోనే తిరుగాడు, మంచువలె చల్లనైన, గోధుమ మరుగుజ్జు కావచ్చును. ఆకాశమున అది కొంచెమైనను కదలినచో మనదే. కదలకున్నచో మఱింత లోతైన వర్ణపటము కావలెను. ప్రకటించినవారు రెండు పక్షములను తమ వ్యాసమున ప్రక్కప్రక్కనే వ్రాసియుంచిరి.